కల్పితమని కొట్టేసిన అంకె

మీ నాయిన ముచ్చట చెప్పుమంటె ఏడికెల్లి మొదలువెట్టాలె, రేచల్ బిడ్డా? నువ్వు కూసో. నేను నిలవడే మాట్లాడ్త, కూసుంటె నాకు పానం ఒక్క తీరుగ ఉండది. సత్యానందం సారంటె శామీర్‌పేటకంత లెక్కల సారే గద. నేనప్పుడు జీడిమెట్లల ఒక మందుల కంపెనీల ఫిట్టర్‌ను, కాంట్రాక్టు మీద. అలియాబాద్‌కెల్లి సైకిల్ మీద పోతుంటి. ఆ తొవ్వ ఇప్పుడు జూస్తె గుర్తువట్టవు, అన్ని వెంచర్లే. ఏం చెప్తున్న? ఆఁ, కడ్డీ. మందు కలిపే పెద్ద మిషిన్ల తిరిగే కడ్డీ ఊగుతుండె. ఏ స్పీడుకు ఊగుడు ఎక్కువైతదో ఫోర్మన్‌కు తెల్వకపాయె. మా సారు లెక్కగట్టి చెప్తడని నేనే నోరు జారిన. సోమారం పొద్దుగాల్ల దాంక టైమిచ్చిండు.

గా లెక్కకు నాలుగు జవాబులు. ఒక్కటి దొరకబట్టి, దాన్ని తీసేసి ఇంకోటి దేవులాడితె, మొదటిదాంట్ల తప్పు మిగిలినయాటికి అంటుకుంటదంట. అందుకే నాలుగిటిని ఒక్కపాలే పట్టాలె అన్నడు. మీ ఇంట్ల బల్ల సుట్టు నలుగురం కూసున్నం. సారు, మీ అమ్మ ఎస్తేరమ్మ, మీ సిన్నాయిన గిడియోన్, నేను. తలా ఒక క్యాలిక్యులేటరు, తలా ఒక అంకె. అంకె అంటె ముందుగాల ఉత్త అందాజనే. దాన్ని లెక్కల ఏసి సున్నకు ఎంత దూరమున్నదో జూడాలె. మిగిలిన ముగ్గురి అంకెలకు మనది ఎంతెంత ఎడమున్నదో జూసి, ఆ మూడిటిని గుణించి దాంతోని భాగించాలె. ఎంతొస్తె అంత జరగాలె. కొత్త అంకె చీటీ మీద రాసి నడుమల వెట్టాలె. ఇద్దరియి ఒక్కటే అయినయా, ఇగ సున్నతోని భాగించుడే, అంత ఆగం. "పక్కోడు యాడున్నడో తెల్వకుంట నీ జాగ నీకు దొరకది కుర్మయ్యా" అంటుండె సారు.

నాకేమో సబర్ లేదు, ఓపిక తక్కువ. అంకెకు రెండు ముక్కలుండె, రెండోదాన్ని కల్పిత భాగం అంటరంట. కల్పితమంటె ఏంది, ఉత్తదే గద అనుకున్న. ప్రతి సుట్టు దాన్ని కొట్టేసి, మొదటి ముక్క ఒక్కటే రాసి పెట్టిన. నాది అట్లనే వచ్చిందనుకున్నరు అందరు. ముప్పై సుట్లు తిరిగినం, అంకెలు నిలవలే. నాది ఎగిరితె అందరియి ఎగిరె. సోమారం సారు పోయి జవాబు రాలేదన్నడు. బడి లెక్కలు బడిలనే పనికొస్తయని ఫోర్మన్ నవ్విండు, తన ఇష్టమొచ్చిన స్పీడు పెట్టిండు. మధ్యాహ్నానికి కడ్డీ ఇరిగింది. ఎవ్వలకు దెబ్బ తాకలే, అదొక్కటి నయం. వారానికి మేనేజరు సారును గూడ పిలిపిచ్చి, అందర్ని నిలవెట్టి జవాబెందుకు రాలేదని అడిగిండు. "పద్ధతి నాది, తప్పు నాదే" అన్నడు మీ నాయిన. గంతే. మల్ల బడి బయట లెక్క ముట్టలే.

మొన్న మా మనుమరాలు శృతి చెప్పింది, ఇంజినీరింగ్ సదువుతాంది. ఊగుడంత గా కల్పిత భాగంలనే ఉంటదంట. నేను కొట్టేసింది అబద్ధం కాదు బిడ్డా, కడ్డీ ఊగుడునే కొట్టేసిన. సిగ్గయితది నాకు. గట్ల కొట్టేసిన అని సారుకు చెప్పలే. ఆయన సచ్చిపోతె మట్టి ఏసిన నాడు గూడ చెప్పలే.

ఏమంటవ్? సారుకు ముందే ఎరుకనా? గా వారంలనే చీటీలన్ని మల్ల జూసిండా? ఎస్తేరమ్మ చెప్పిందా నీకు? నా పేరు చెప్తె నా నౌకరి పోతదని... ఎరుకుండే గట్లన్నడా? మరి నేను పదహారేండ్లు సారు ఎదురొస్తె సందు మారి పోయిన గద. ఆయనేమో కుర్మయ్యా, ఛాయ్ తాగుదాం రా అని పిలుస్తనే ఉండె.