మబ్బుకి జిప్పు

జిప్పులాయన అబద్ధాలు చెప్పడు. నిజం మరీ బిగుతుగా ఉంటే కాస్త కుట్టు విప్పి వదులు చేస్తాడు, అంతే. ఈ మాట కూడా ఆయన చెప్పిందే.

సంచులు, సూట్‌కేసులు, తోలు పెట్టెలు బాగుచేసే ఆయన దుకాణం వీధి మలుపులో ఉంటుంది. దాన్ని ఆనుకునే ఆయన భార్య టీ కొట్టు. వీధిలో అందరికీ ఆవిడ వదిన, కాబట్టి మనకీ వదినే. పొద్దున్నే పనుల్లోకి వెళ్ళేముందు నలుగురూ ఆ కొట్టు ముందు బల్ల మీద చేరతారు. వదిన టీ పోస్తుంది, జిప్పులాయన కథ పోస్తాడు. డబ్బులు టీకి మాత్రమే.

ఆ రోజు మాట ఊరి చివర వినోదాల పార్కు మీదికి మళ్ళింది. వ్యాన్ డ్రైవర్ మొన్న ఆదివారం పెళ్ళాం పిల్లలతో వెళ్ళొచ్చాడు, ఆ మంట ఇంకా చల్లారలేదు. లోపల ఆడింది తక్కువ, బయట నిలబడింది ఎక్కువ అన్నాడు. గేటు దగ్గర సంచుల తనిఖీట. పసిదాని పాలసీసా మూత తీసి వాసన చూశారట. వాళ్ళావిడ చేతిసంచి బోర్లించి, పళ్ళు విరిగిన దువ్వెన కూడా అందరి ముందూ బల్ల మీద పరిచారట.

పక్క వీధిలో మందుల షాపు నడిపే ఆవిడ ఒప్పుకోలేదు. ఎవడి సంచిలో ఏముందో ఎవరికి తెలుసు, పిల్లలు తిరిగే చోట ఆ మాత్రం వెతకాల్సిందే అంది. తన తలనొప్పి మాత్రల అట్టని గార్డు తలకిందులుగా పట్టుకుని అంతసేపు చదవడం మాత్రం తనకి నచ్చలేదట. రిటైరైన లెక్కల మాస్టారిది ఇంకో బాధ. వెతకడం తప్పు కాదు, వరసలే తప్పు అన్నాడాయన. మనం నిలబడ్డ వరస కదలదు, పక్కది పరిగెడుతుంది, మనం పక్కదాంట్లోకి మారామో లేదో అదీ ఆగిపోతుంది. నలభై ఏళ్ళు లెక్కలు చెప్పాను, దీనికి మాత్రం జవాబు దొరకలేదు అన్నాడు.

అప్పటిదాకా టీ ఊదుకుంటున్న జిప్పులాయన గ్లాసు కింద పెట్టాడు. అది చూసి వదిన పాలగిన్నె కింద మంట తగ్గించింది. ఇక ఎంతసేపు పడుతుందో ఆవిడకి తెలుసు.

"వరసల గురించి నాకు చెప్పకండి" అన్నాడు జిప్పులాయన. "పోయినేడు మనవరాళ్ళని తీసుకుని మేమూ వెళ్ళామా. మా ముందు ఒకావిడ, ఆవిడ చేతిలో ఇంత సంచి. తెరవమన్నాడు గార్డు. ఆవిడ లాగింది, జిప్పు రాలేదు. గార్డు లాగాడు, రాలేదు. రన్నరు పళ్ళు తప్పిందని నాకు దూరం నుంచే తెలిసిపోయింది, ఆ చప్పుడు వేరు మాస్టారూ, అది చప్పుడు కాదు, మూలుగు. వెనక జనం, నెత్తిన ఎండ, పిల్లల ఏడుపులు, వరస కదిలితే ఒట్టు. నేనలా చూస్తూ ఊరుకునే రకమా? జరగండి బాబూ అని జేబులోంచి మైనం ముక్క తీశాను, పళ్ళ మీద ఒక్కసారి ఇలా రాశాను, రన్నర్ని పటకారుతో ఒక్క నొక్కు నొక్కాను. సర్రున తెరుచుకుంది."

ఇందులో నమ్మకపోవడానికేమీ లేదు. మందుల షాపావిడ తలూపింది. జిప్పులాయనకి ఆ ఒక్క తలూపు చాలు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఆ తర్వాత వరసలో ఉన్న జనమంతా తమ సంచులు పట్టుకుని ఆయన మీద పడ్డారట. గార్డులే బల్ల వేశారట, కుర్చీ వేశారట, ఒకడు గొడుగు పట్టాడట. బాగుచేసీ చేసీ చివరికి ఆయన చేతికి ఎంత పదును వచ్చిందంటే, సంచి ముట్టుకుంటే చాలు లోపలేముందో తెలిసిపోతోందట.

"తెరవక్కర్లేదు బాబూ అన్నాను. రెండు చొక్కాలు, ఒక తువ్వాలు, ఒక ఉడకబెట్టిన గుడ్డు, ఉప్పు పొట్లం మాత్రం ఇంట్లో మర్చిపోయొచ్చారు అన్నాను. తెరిచి చూస్తే అక్షరాలా అంతే. ఉప్పు లేదు. సంచులకి ఎక్స్‌రే తీసే యంత్రం ఉంటుంది కదా, దాని ప్లగ్గు పీకేశారు, ఇక దీనికి కరెంటు దండగ అని."

గుడ్డు తొక్క తీసి ఉందా అని అడిగాడు వ్యాన్ డ్రైవర్. జిప్పులాయన తొణకలేదు. సగం తీసి ఉంది అన్నాడు.

వదిన గ్లాసులు కడుగుతూ వింటోంది. మొదటిసారి చెప్పినప్పుడు ఈ కథలో గుడ్డు లేదు. గొడుగు పట్టినవాడు మొన్నమొన్ననే వచ్చి చేరాడు. ఆవిడ ఏనాడూ అడ్డు చెప్పలేదు, చెప్పకపోవడానికి ఆవిడ కారణం ఆవిడకుంది. కానీ ఒకటి గమనిస్తూ వస్తోంది. కథలోకి కొత్తవాళ్ళు వస్తున్నకొద్దీ తను బయటికి జరుగుతోంది. మొదట్లో "మీ వదిన నా పక్కనే ఉంది" అనేవాడు. కొన్నాళ్ళకి "మీ వదిన వెనకాల ఎక్కడో ఉంది" అయింది. ఈ మధ్య ఆ మాటా లేదు.

ఈలోగా కథ గేటు దాటి లోపలికి వెళ్ళిపోయింది. పార్కు మేనేజరు చెమటలు కక్కుకుంటూ పరిగెత్తుకొచ్చాడట. పైకెక్కి కిందికి దూకే రైలుంది చూశారూ, దాని పట్టాలు పై కొసన తెగిపోయాయట. రైలు తలకిందులుగా వేలాడుతోంది, జనం జేబుల్లోంచి చిల్లర రాలుతోంది, కింద ఉన్నవాళ్ళు ఏరుకుంటున్నారు, అయ్యా మీరే దిక్కన్నాడట మేనేజరు.

"దారం ఉండ పళ్ళ మధ్య పట్టుకుని ఎక్కాను. ఎంత ఎత్తనుకున్నారు, సగం దూరంలో గద్దలు కిందపడ్డాయి. కింద అంటే నాకు కింద. పైకెళ్ళి చూద్దునా, పట్టాల మధ్య ఇంత సందు. అతుకు వేసే టైం లేదు. ఈ వీధి పొడుగు జిప్పు ఒకటి సంచిలో ఉంది, రెండు పట్టాలకీ చెరో అంచూ కుట్టేశాను. మరి రన్నరేదీ? రైలే రన్నరు. ఒక్క తోపు తోశాను. రైలు పోతున్నకొద్దీ వెనకాల పట్టాలు పళ్ళు కలుపుకుంటూ మూసుకుంటూ వచ్చేస్తున్నాయి."

"మరి ముందున్న పట్టాలో?" అన్నాడు మాస్టారు.

"ముందుకి చూసే తీరిక ఎవరికుంది మాస్టారూ" అని ఆయన సాగిపోయాడు. సరిగ్గా అప్పుడే వాన మొదలైందట. తలెత్తి చూస్తే మబ్బు చిరిగి ఉందట, బస్తా అడుగున కుట్టూడినట్టు. మిగిలిన జిప్పు ముక్క దండగెందుకని దానికి బిగించి లాగేశాడట. చినుకు ఆగిపోయింది. ఇప్పటికీ ఆ పార్కు మీద వాన పడాలంటే తనకి కబురు చేసి తెరిపించుకోవాల్సిందేనట.

బల్ల మీద వాళ్ళు నవ్వలేక అలసిపోయారు. మందుల షాపావిడ కళ్ళు తుడుచుకుంటూ, ఇంతకీ ఆ టైంలో వదినెక్కడుంది అని అడిగింది.

జిప్పులాయన మంచి ఊపులో ఉన్నాడు. ఆ ఊపులో ఏ మాట దొరికితే ఆ మాట వచ్చేస్తుంది. "మీ వదినా? అదే రైల్లో ఉంది. కళ్ళు రెండూ గట్టిగా మూసుకుని, కడ్డీకి బల్లిలా అతుక్కుపోయి, దింపండి బాబోయ్ అని ఒకటే కేకలు. అంత ఎత్తున కళ్ళు తెరిచి చూడటమంటే అందరివల్లా అయ్యే పనా?"

వదిన స్టవ్ ఆర్పేసింది. చేతులు తుడుచుకుంది.

"నేను కళ్ళు మూసుకోలేదు" అంది. "అసలీయన లోపలికే రాలేదు."

జిప్పులాయన తన గ్లాసులోకి చూసుకున్నాడు.

వదిన గొంతు పెంచలేదు, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఈయన పనిసంచి లేకుండా ఎక్కడికీ కదలడు, పెళ్ళికెళ్ళినా అది భుజానే ఉంటుంది. పార్కుకీ తెచ్చాడు. తనిఖీలో గార్డు అందులోంచి కత్తెర, తోలు కోసే కత్తి, బెజ్జం వేసే ఆరె, చిన్న సుత్తి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పేర్చాడు. ఇవి లోపలికి పోవండీ, సామాన్ల గదిలో పెట్టి టోకెన్ తీసుకోండి అన్నాడు, మర్యాదగానే అన్నాడు. ఈయన వెళ్ళి ఆ గది చూశాడు. తలుపుల్లేని అరలు. ఆరె ఈయనకి పని నేర్పిన గురువు చేతిది. మీరు పదండి, నేను వీళ్ళతో మాట్లాడి వెనకే వస్తాను అన్నాడు. సాయంత్రం వదినా పిల్లలూ బయటికొచ్చేసరికి గేటు ఎదురుగా సిమెంటు బల్ల మీద, సంచి ఒళ్ళో పెట్టుకుని, మొహం ఎండకి కమిలిపోయి కూర్చుని ఉన్నాడు.

"ఆ గార్డు అన్నం సంచికి జిప్పు ఈయనే బాగుచేశారు. అది మాత్రం నిజం" అంది, తన మనిషికి మరీ అన్యాయం చేయకూడదన్నట్టు.

మరి లోపలి సంగతులన్నీ ఇంత వివరంగా ఎలా చెబుతున్నాడని మాస్టారు ఆరా తీశాడు. ఇంటికొస్తూ బస్సులో నేనే చెప్పాను అంది వదిన. దాంతో నవ్వు ఒక్కసారిగా లేచింది. వ్యాన్ డ్రైవర్ అయితే బల్ల మీద చరిచి, మబ్బుకి జిప్పు గేటు బయట నుంచే వేశావా అన్నయ్యా అన్నాడు. జిప్పులాయన లేచి వెళ్ళి దుకాణం తాళం తీయడం మొదలుపెట్టాడు. మామూలుగా ఆ టైంకి ఆయన తాళం తీయడు.

వదినకి మనసు చివుక్కుమంది. అంత మందిలో అనకుండా ఉండాల్సింది అనిపించింది. రోజంతా ఎండలో కూర్చున్నవాడు, పాపం, ఆ మాత్రం చెప్పుకోనీ అని కదూ తను ఇన్నాళ్ళూ ఊరుకుంది.

"అయితే మీరు కళ్ళు తెరిచి ఏం చూశారు వదినా?" అంది మందుల షాపావిడ.

ఆ ప్రశ్న వదినని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"పైకి నిదానంగా ఎక్కుతుందది" అంది. "కొసకి చేరాక ఒక్క క్షణం ఆగినట్టుంటుంది. పిల్లలిద్దరూ నా భుజాల్లో మొహాలు దాచుకున్నారు. నేను చూశాను. గేటు కనిపించింది. గేటవతల బల్ల కనిపించింది. దాని మీద ఈయన, ఇంత చీమలాగా. రెండు చేతులూ కడ్డీ మీదే ఉంచమని మరీ మరీ చెప్పారు. నేనొకటి తీసి ఊపాను."

బస్సులో అన్నీ చెప్పింది గాని ఇది చెప్పలేదు. ఈ వయసులో చిన్నపిల్లలా చెయ్యి ఊపానని చెప్పుకోవడానికి సిగ్గేసింది.

అంత దూరం నుంచి ఊపితే ఆయనకెలా కనిపిస్తుందమ్మా అన్నాడు మాస్టారు.

"ఎడం చెయ్యి."

అన్నది జిప్పులాయన. షట్టరు సగం ఎత్తి పట్టుకుని ఉన్నాడు, ఇటు తిరగలేదు.

"వాచీ అద్దం ఎండకి తళుక్కుమంది. రెండుసార్లు. ముందు ఎవరో అనుకున్నాను. బస్సు ఆపకుండా పోతుంటే నువ్వు ఊపుతావు చూడు, మోచెయ్యి కదలకుండా, అలా ఊగిందా చెయ్యి. నువ్వేనని అప్పుడు తెలిసింది."

వదిన తన ఎడంచేతి వాచీ వంక చూసుకుంది. ఏ చెయ్యో తను ఎవరితోనూ అనలేదు, ఇప్పుడు కూడా.

"నేనూ ఊపాను" అన్నాడాయన. "సంచి బల్ల మీద వదిలేసి, రోడ్డు మధ్యకి వచ్చి, రెండు చేతులతో."

"నాకు కనిపించలేదు" అంది వదిన, నెమ్మదిగా.

వ్యాన్ డ్రైవర్ బల్ల అంచుకి జరిగాడు. ఆ రెండు చేతులూ ఊపేసరికి ఎన్ని విమానాలు దిగాయో, ఎంత గాలి పుట్టి ఊళ్ళో ఎన్ని కప్పులు లేచిపోయాయో వినడానికి సిద్ధమయ్యాడు.

"ఊఁ, ఆ తర్వాత?" అన్నాడు.

"ఆ తర్వాతేముంది" అన్నాడు జిప్పులాయన. "రైలు దిగిపోయింది."