కుడకలో సగం గీత

ఓదెమ్మ ఉండె. మొగడు సచ్చిపోయిండు, చెరువు కింద మూడు మడులున్నయి, అంతే అనుకో. ఆ ఊర్ల నీళ్లు ఎట్ల పంచుకుంటరంటే, గంగాళం నిండ నీళ్లు పోసి, అడుగున చిల్లున్న రాగి కుడకను, చిన్న గిన్నె అనుకో, దాంట్ల ఇడుస్తరు. కుడకలకు నీళ్లు ఎక్కి ఎక్కి అది బుడుంగున మునిగిందనుకో, ఒక వంతు అయినట్టు. నీరటికాడు ఒకరి మడికి కట్టేసి ఇంకొకరి మడికి మలుపుతడు. మునిగితెనే లెక్క, మునగకుంటే లెక్కే లేదు. తాతల కాడికెళ్లి గదే కట్టుబాటంట. ఏమైందంటే, ఓదెమ్మ మామకు ఒక్క వంతుండె, కొడుకులు ఇద్దరు. ఇద్దరున్నన్ని రోజులు ఆ ఒక్క వంతునే కలిసి పారిచ్చుకున్నరు. తమ్ముడు, గదే ఓదెమ్మ మొగడు, పోంగనే బావ అడ్డం తిరిగిండు. వంతు ఒకటే, పెద్దోణ్ని నేనే, సగం వంతని మన ఊర్ల ఎవలన్న ఇన్నరా అన్నడంట.

అప్పటికి వరి పొట్టకొచ్చింది. అప్పుడు నీళ్లు లేకపోతే ఏమైతదో మీకు చెప్పాల్నా? ఓదెమ్మ కొంగు నడుముకు చుట్టుకొని రాజిరెడ్డి పటేలు కాడికి పోయింది. పటేలేమో, ఒకటి, రెండు, మూడు, గిదీ లెక్కంటే, నడుమ ఏముంటది, మందిని లెక్కవెడితే సగం మనిషి వస్తడా అన్నడంట. కూసున్నోళ్లంత నవ్విండ్రు. ఓదెమ్మ ముందుకొచ్చింది. "మంది సగం కారు పటేలా. నీళ్లు సగమైతయి, రొట్టె సగమైతది. నీ ఒకటి గూడ రెండు సగాలే గద. కుడక లోపల నడిమికి ఒక గీత గీయిండ్రి. గీత దాక బావకు, ఆడికెళ్లి మునిగేదాక నాకు," అన్నది. పటేలు నవ్వు ఆపి, గంగమ్మ కుడకకు గీత వెడితే చెరువెండుతది, ఎవలు జవాబు చెప్తరు అన్నడంట. నవ్వినోళ్లంత తలకాయలూపిండ్రు.

చెరువు ఎండలే, ఓదెమ్మ వరి ఎండింది. తన చేతులతోని నాటు వెట్టిన మడిల తనే పసులను తోలింది, తోలి గట్టు మీద కూసోని ఏడ్చింది. తర్వాత ఆ పటేలు పొలానికే కలుపుకు పోవట్టె. ఏం జేస్తది మరి, ఆకలైతే ఊకుంటదా?

అట్ల కొన్నేండ్లాయె. పటేలుకు కొడుకులు ముగ్గురు, వంతులు రెండు. వేరువడ్డరు. రెండు వంతులు ముగ్గురికి ఎట్ల వస్తయి? పారలు వట్టుకొని కాల్వ మీదికొచ్చిండ్రంట. పటేలు ఆగమాగమై కంసాలిని పిలిపిచ్చి, కుడక లోపల మూడు పాళ్లు చేసి రెండు గీతలు కొట్టిచ్చిండు. రెండు వంతులకు ఆరు పాళ్లు, ఒక్కొక్కనికి రెండేసి. ఏం తెలివి పటేలుది, ఏం తెలివి అన్నరంట ఊరోళ్లు. గంగమ్మ ఏమనలే. కలుపు తీస్తున్న ఓదెమ్మ లేచి వచ్చి, మరి నాది అన్నది. పటేలు ఆమె మొకం సూడకుంట అన్నడంట: "పారని మడికి వంతెక్కడిది? నువ్వు బీడు పెట్టుకుంటివి గద."

ఆ కుడక ఇంక ఉన్నదంట, పోయి సూడుండ్రి. నడుమ ఏముంటదన్నోళ్లే గీతలు గీసుకున్నరు. ఎన్నైనా గీసుకోవచ్చు, లోపల జాగకు కొదువ లేదు. సగం గీత ఒక్కటే లేదు. ఇగ లేవుండ్రి, ఎవల వంతుకు వాళ్లు పోండ్రి.