చెంచమ్మ మోటరు కాడ మాలకొండయ్య కారు

మాలకొండయ్య అని ఒకాయన ఉండాడు మా ఊళ్ళో. ఉండాడంటే ఇప్పుడూ ఉండాడు, అదిగో ఆ మలుపు తిరిగితే నీలం రంగు గేటు, అదే ఆయన ఇల్లు. ఆయనకి వినపడేట్టే చెప్తా, నాకేం భయం. ఈయన గుణం ఏందంటే, గవర్నమెంటోళ్ళు ఏదన్నా సగం ధరకి ఇస్తన్నారంటే చాలు, అది మనకి పనికొస్తదా లేదా అనే మాటే లేదు, ముందు పోయి వరసలో నిలబడతాడు. గేదె లేదు, గడ్డి కోసే మిషను తెచ్చాడు. వరి ఎయ్యడు, ధాన్యం ఆరబోసుకునే పట్టలు ఆరు తెచ్చాడు. ఇదేంది మామా అని కుర్రోళ్ళు అడిగితే, ఒరే దీని ధర పదివేలు, నాకు ఐదువేలకే ఇచ్చారు, అంటే ఐదువేలు నాకు మిగిలినట్టే గదరా అంటాడు. ఆ మిగిలిన ఐదువేలు యాడుండయ్యో చూపించమని చెంచమ్మ ఎన్నిసార్లు అడిగిందో. చెంచమ్మంటే ఆయన పెళ్ళాం. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే రకం అంటారే, ఆ మాట ఈయన్ని చూసే పుట్టిందనుకో. ఏం నవ్వుతన్నావు, మా ఊరి కథలు రాసుకునే అయ్యా, ఇంకా కథలోకి పోనే లేదు.

ఇప్పుడు చెంచమ్మ సంగతి చెప్పాల. ఆమెకి వాళ్ళ నాయన పసుపు కుంకుమల కింద ఎకరన్నర చేనిచ్చాడు. అది ఉత్త రాళ్ళ చేను. ఆ రాళ్ళన్నీ ఏరి, నూట ఇరవై బత్తాయి మొక్కలు పెట్టింది. నేను కూడా రాళ్ళు ఏరా, కూలికేలే. బోరు ఏసింది, మోటరు పెట్టింది, కరెంటు సర్వీసు ఆమె పేరుతోనే తీసుకుంది. ఏడేళ్ళు పట్టింది ఆ చెట్లు చేతికొచ్చే దానికి. పోయినేడు మొదటి కాపు, అది ఖర్చులకే సరిపోయింది. ఈ ఏడు పూత చూడాల, ఆకు కనపడకుండా పూసింది. పెద్దమ్మా, ఈ కాపు చేతికొస్తే నా కష్టం గట్టెక్కినట్టే అన్నది నాతో. మా కాడ వ్యవసాయం మోటర్లకి కరెంటు ఊరికే కదా, పొద్దన ఏడింటికి వచ్చి సాయంత్రం నాలుగింటికి పోతది. తొమ్మిది గంటలు. ఆ తొమ్మిది గంటలే ఆ చెట్లకి ప్రాణం.

ఏమైందంటే, మాలకొండయ్య ఒకరోజు ఏదో పని మీద ఒంగోలు పోయినాడు. ఆడ కరెంటు కార్లమ్మే షాపు చూశాడు. లోపల చల్లగా ఉందని దూరాడంట. టై కట్టుకున్నాయన ఒకడు కుర్చీ ఏసి, మంచినీళ్ళిచ్చి, సార్ దీనికి రోడ్డు ట్యాక్సు లేదు, రిజిస్ట్రేషను ఫీజు లేదు, మీ పాత బండి తుక్కు కింద ఇచ్చేస్తే దాని మీద ఇంకా తగ్గిస్తాం అన్నాడంట. లేదు, లేదు, తగ్గిస్తాం. ఈ మూడు ముక్కలే ఈయన చెవిలో పడ్డయ్. పదమూడు లక్షలు అని కూడా చెప్పాడు పాపం ఆయన, అది చెవిలో పడలా. ఈయనకి డీజిలు జీపు ఒకటి ఉండేది. పాతదే అనుకో, కానీ బత్తాయి మూటలు అందులోనే గదా మార్కెట్టుకి పొయ్యేది. దాన్ని తుక్కుకి తోసేశాడు. బ్యాంకులో అప్పు రాయించుకున్నాడు. తెల్ల కారు ఏసుకోని ఊళ్ళోకొచ్చి దిగాడు. ఎంతైంది మామా అని ఎవురన్నా అడిగితే, రెండు లక్షలు మిగిలిందిరా అని చెప్పేవాడు. ఎంతైందంటే ఎంత మిగిలిందో చెప్పే మనిషిని నువ్వు యాడన్నా చూశావా? నేను ఈ ఊళ్ళోనే చూశా.

సరే, కారొచ్చింది. దానికి మేత పెట్టాల గదా. ఇంటి గోడకి సాకెట్టు పెట్టించుకుంటే రాత్రి పడుకోబోయే ముందర తగిలించుకోవచ్చు, పొద్దన్నే తీసుకోవచ్చు అని షాపాయన చెప్పి పంపించాడంట. ఇంట్లో పెడితే మీటరు తిరగతది గదా అన్నాడంట ఈయన. తిరగతది సార్, కానీ డీజిలు ఖర్చులో నాలుగో వంతు కూడా కాదు అన్నాడంట ఆయన. నాలుగో వంతు. రూపాయి ఖర్చయ్యే కాడ పావలా. నువ్వయితే ఏం చేస్తావు, దండం పెట్టి పావలా కడతావు. ఈయన, ఆ పావలా మాత్రం ఎందుకు కట్టాల అన్నాడు. చెంచమ్మ మోటరు కాడ కరెంటు ఊరికే వస్తంటే ఇంటి మీటరు ఎందుకు తిప్పాలని, కారు తోలుకోని పోయి చేలో మోటరు కొట్టం పక్కన పెట్టాడు. స్టార్టరు డబ్బాలోంచి ఒక తీగె లాగాడు. దానికి పెద్ద సాకెట్టు బిగించాడు. అంతే, కారు చేలో కాపరం పెట్టింది.

ఇక్కడ ఉంది చూడు తమాషా. కారు నిండేదానికి తొమ్మిది గంటలు పడతది. కరెంటు వచ్చేదే తొమ్మిది గంటలు. పగలు కారు బయటికి తీస్తే ఊరికే వచ్చే కరెంటు పాయె గదా? ఆ నష్టం ఎవురు భరిస్తారు? అందుకని పగలు కారు తియ్యడు. కనిగిరిలో పనుంటే రెండు మైళ్ళు నడిచి రోడ్డెక్కి బస్సులో పోతాడు. కారు చేలో కరెంటు తాగతా ఉంటది, కారు గలాయన బస్సులో కమ్మీ పట్టుకోని ఊగతా ఉంటాడు. పోనీ అంతటితో ఆగిందా. సాయంత్రం నాలుగింటికి కారు నిండిపోయింది. నిండిన కారుకి రేపటి కరెంటు పట్టదు గదా. రేపటి కరెంటు వృథా అయిపోతది గదా. కాబట్టి దాన్ని ఖాళీ చెయ్యాల. రోజూ సాయంత్రం ఎవురు దొరికితే వాళ్ళని ఎక్కించుకోని, పని ఉన్నా లేకపోయినా, దర్శి దాకా పోయేది, టీ తాగేది, కారు ఖాళీ అయ్యేదాకా చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి వచ్చేది. మామా నీ అంత తెలివి ఎవురికుంది అని పొగిడేది, ఎక్కేది. ఎవురెక్కలేదు? ఇక్కడ కూచున్నోళ్ళలో ఎక్కనోడు చెయ్యెత్తండి. చూశావా అయ్యా, ఒక్క చెయ్యి లేవలా. టీ డబ్బులు కూడా ఆయనవే. ఊరంతా ఆయన కారెక్కి తిరగతా, దిగినాక ఆయన్ని చూసి నవ్వేది.

నవ్వు మాకు. ఏడుపు చెంచమ్మకి. ఎందుకంటే కారు, మోటరు ఒకేసారి పెడితే స్టార్టరు కొట్టేస్తది. ఏదో ఒకటే ఆడతది. మోటరేస్తే కారు ఎక్కదు, కారు పెడితే మోటరు తిరగదు. ఒక్క రెండు గంటలు తీగె పీకు, చెట్లకి నీళ్ళు పెట్టుకుంటా అని చెంచమ్మ అడిగింది. ఇప్పుడిప్పుడే నూటికి అరవై దాకా ఎక్కింది, మధ్యలో పీకితే బ్యాటరీకి మంచిది కాదంట అన్నాడు. ఎవురు చెప్పారో ఆయనకే తెలియాల. ఒకరోజు దానికి, ఒకరోజు చెట్లకి పెడదాం అని కూడా బతిమిలాడింది. సరే అన్నాడు. కారు రోజు వచ్చింది, చెట్ల రోజు రాలా. ఎండలు చూస్తే ముదిరినయ్. గోలీలంత పిందెలు, పొద్దన లేచి చూస్తే చెట్టు కింద పరిచినట్టు రాలి ఉండేయి. నేనూ ఆమే పక్క చేను బోరు కాడ బిందెలతో మోశాం. నూట ఇరవై చెట్లకి రెండు బిందెలు ఏం మూలకి? నాలుగు రోజులు మోసినాక ఆమె చెట్టు మొదట్లో కూలబడి పిందెలు ఏరి ఒళ్ళో ఏసుకుంటంది. నేను పోయి నాలుగు మాటలు ఆయన్ని తిట్టొస్తా అంటే, వద్దు పెద్దమ్మా, తిడితే ఎండే చెట్టు ఆగదు అన్నది.

మరసనాడు బస్సులో ముందర సీట్లో మాలకొండయ్య, వెనక సీట్లో చెంచమ్మ. ఇద్దరూ కనిగిరికే. ఆమె ఎక్కింది ఆయనకి తెలవదు. కారు మాత్రం చేలో కరెంటు తాగతా ఉంది. ఆయన అంగట్లో పని మీద దిగాడు, ఆమె కరెంటాఫీసు కాడ దిగింది. దిగి, లోపలున్న సారుకి చెప్పిందంట, సర్వీసు నా పేరున ఉంది, నా మోటరు కాడ ఎవురో కరెంటు దొంగతనంగా లాగతన్నారు, వచ్చి పట్టుకోండి అని. ఎవురమ్మా అంటే, నేను చెప్తే బాగుండదు సారూ, రేపు పదింటికి వచ్చి మీ కళ్ళతో చూడండి అన్నదంట.

తెల్లారి పదింటికి జీపొచ్చింది. ఆఫీసరు సారు, ఆయన వెంట లైన్‌మన్ దానియేలు. జీపొస్తే ఊరు ఊరుకుంటదా, వెనకాలే చేలోకి పొయ్యాం అందరం. పోయి చూస్తే ఏముంది, మాలకొండయ్య కారులో ఏసీ ఏసుకోని, అద్దాలు ఎక్కించుకోని, సీటు వెనక్కి వాల్చి నిద్రపోతన్నాడు. చుట్టూ చెట్లు ఆకు ముడుచుకోని నిలబడి ఉండయ్. దానియేలు అద్దం మీద తట్టాడు. లేచి, ఏంది దానియేలూ, పెళ్ళాం మోటరు, మొగుడి కారు, మధ్యలో నీకేంది అన్నాడు. సారు కాగితం తీశాడు. ఉచిత కరెంటు నీళ్ళు తోడుకునేదానికి, కారుకి కాదు, మామూలుగా అయితే ఈ సర్వీసే కోసెయ్యాల అన్నాడు. ఆ మాటకి చెంచమ్మ ముందుకొచ్చింది. సర్వీసు కోస్తే చెట్లు సచ్చినట్టే గదా. సారూ, దొంగతనం జరిగింది నా కాడ, చేసింది నేను కాదు, కారు ఎవురి పేరున ఉందో వాళ్ళ మీద రాయండి, సంతకం నేను పెడతా అన్నది. సారు ఆమెని చూశాడు, చెట్లని చూశాడు, రాశాడు. ముప్పై ఎనిమిది వేలు జరిమానా, మాలకొండయ్య పేరున.

ఇంక చూడు ఊళ్ళో పెద్దమనుషుల రోషం. రోజూ కారులో దర్శి పోయి టీ తాగొచ్చినోళ్ళే, కట్టుకున్నోణ్ణి పట్టిస్తావా, ఆడదానివేనా అని ఆమె మీదకి లేచారు. ఆమె గొంతు పెంచలా.

"జరిమానా ఒక్కసారి కడితే పోతది. చెట్టు పోతే మళ్ళీ ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళు మీలో ఎవురు మోస్తారు బిందె?"

అప్పుడు సారు కాగితం మడిచి, ఎట్టా వచ్చాం గదా, మిగతా మోటరు కొట్టాలు కూడా ఒకసారి చూసిపోదాం పా దానియేలూ అన్నాడు. అనటమే. తల తిప్పి చూస్తే చేలో నేనూ చెంచమ్మా తప్ప మనిషి లేడు. పంచె ఎగగట్టి పరిగెత్తారు పెద్దమనుషులు, ఎవురి కొట్టంలో తీగె వాళ్ళు పీకేదానికి. నీళ్ళు కాచే కాయిలు ఒకడిది, ఇస్త్రీపెట్టె ఒకడిది, టీవీ పెట్టుకున్న మహానుభావుడు ఒకడు.

మాలకొండయ్య కారు దిగి, నాకు ఒక మాట చెప్పొచ్చు గదే అన్నాడు. చెప్పా, అద్దాలు ఎక్కించుకోని ఉండావు అని, తీగె పీకి మోటరు ఏసింది చెంచమ్మ. సగం కాపు అప్పటికే రాలిపోయింది, అబద్ధం ఎందుకు చెప్పాల. మిగిలిన సగం నిలబడింది.

ఇప్పుడు ఆ కారు ఇంటి ముందరే ఉంటది, ఇంటి మీటరు మీదే నడస్తది. కనిగిరి పోయొస్తే బస్సు టికెట్టు కన్నా తక్కువే అవతంది, దానియేలు లెక్కగట్టి చూపించాడు. మొదట్నించి ఆ పావలా కట్టుంటే చల్లగా ఉండేవాడు. బిల్లు చెంచమ్మ కడతంది, కాబట్టి తాళం ఆమె మొలలో ఉంటది. ఆయనకి పనుంటే అడిగి తీసుకోవాల. మొన్న అడిగితే, బత్తాయి మూటలు మార్కెట్టులో దించేసి పో అన్నదంట, దించేసే పోయాడంట. ఇంక చాల్లే, నవ్వింది చాలు, లేవండి. మూడున్నరవతంది, నాలుగింటికి కరెంటు పోతది. మీ కొట్టాల్లో ఇస్త్రీ చెయ్యాల్సిన చొక్కాలు ఇంకా మిగిలే ఉంటయ్.