క్లారిస్ దండం

కెనడాలోని కాల్గరీలో ఒక వంటిల్లు. విద్యార్థుల రద్దీలో వాంకూవర్‌లో ఎట్టకేలకు గది దొరికిన క్లారిస్, చదువుకు వెళ్తూ స్నేహితురాలికీ, ఆమె అమ్మమ్మకీ చెప్పి అప్పుడే బస్సుకు బయలుదేరింది.

"ఆ పిల్లకి ఒంట్లో బాగాలేదేమోనే. నా చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంది. జ్వరమైతే లేదు. అయినా మిరియాల చారు తాగించి పంపాను."

"అయ్యో అమ్మమ్మా! ఫిలిప్పీన్స్ వాళ్ళు పెద్దవాళ్ళకి అలాగే దండం పెడతారు."

"ముందే చెప్పొద్దూ! వాళ్ళమ్మమ్మకీ అలాగే పెడుతుందా?"

"ఆవిడని ఫోన్లోనే చూసింది. క్లారిస్ ఇక్కడే పుట్టింది కదా, అలా పెట్టడానికి సిగ్గుపడేది. నీకే మొదటిసారి పెట్టింది."

"ఏం చదువుతుంది?"

"టీచర్ కోర్స్. వాళ్ళమ్మ ఫిలిప్పీన్స్‌లో టీచరే. ఆ చదువు ఇక్కడ చెల్లలేదు, హోటల్లో గదులు క్లీన్ చేస్తుంది."

"తల్లి వదిలొచ్చిన బడికి పిల్ల వెళ్తోందన్నమాట. నేనేమో దీవించకుండా చారు పోసి పంపాను! బస్సు వెళ్ళిపోయిందా?"

"ఇంకో గంటుంది. వీడియో కాల్ చెయ్యనా?"

"ఫోన్లో నుదురు తగులుతుందా? కారు తియ్యి."

"సరే, గ్లవ్స్ వేసుకో. బయట మంచు."

"ఎడమ చేతికి తొడుగు. కుడిచెయ్యి అలాగే ఉండనీ."