స్తంభం వెనక ట్రే

గోల్ఫ్ మైదానం పక్కనున్న గాజు గది కొలిమిలా ఉంది. ఊరి నుంచి తిరిగొచ్చిన పరిశోధకురాలు హీటర్లు కట్టేసి గడ్డి ట్రేల మీదికి వంగింది. ఆమె లేనన్నాళ్ళూ గదిని కనిపెట్టుకుని ఉన్న మామగారు గుమ్మంలో నిలబడ్డారు.

"ఇటువైపు అన్నీ పచ్చగా ఉన్నాయేంటి మామయ్యా?"

"మంచిదేగా. మరి నీ మొహం అలా ఉందేం?"

"ఈ బెంట్ గడ్డికి ఎండంటే పడదు. వేసవి రాగానే బంతి దొర్లే చోట మాడిపోతుంది. అందుకే ఇన్ని రకాలు కలిపి పెంచి, ఈ వేడిలో పెట్టాను. తట్టుకున్నదాన్నే విత్తనానికి ఉంచుకోవాలి."

"అంటే కావాలనే మాడుస్తున్నావా?"

"మరి? తట్టుకునేదేదో తేలాలిగా."

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ. నేను రోజూ ఫ్యాన్ పెట్టాను."

"నేను చూస్తూ ఉండమన్నాను మామయ్యా."

"వాడిపోతుంటే ఎలా చూస్తూ ఉంటానమ్మా?"

"ఇన్నాళ్ళ కష్టం మట్టికొట్టుకుపోయింది."

"అన్నిటికీ గాలి తగల్లేదులే. ఆ మూల ట్రేకి స్తంభం అడ్డొచ్చింది. పాపం, దాన్ని చూడ్డానికి మనసొప్పక అటు వెళ్ళడమే మానేశాను."

ఆమె గబగబా స్తంభం వెనక్కి వెళ్ళింది.

"పోయిందా అమ్మా?"

"మీరే వచ్చి చూడండి. చెయ్యి పెట్టి చూడండి."

"ఇదీ పచ్చగానే ఉందే. దీనికెవరు పెట్టారు ఫ్యాను?"

"ఎవరూ పెట్టలేదు మామయ్యా."