చొక్కాల్లో చుట్టినవి

కస్టమ్స్ తనిఖీ బల్ల దాటి, తండ్రీ కొడుకులు గోడవారనున్న బెంచీ మీద కూర్చున్నారు. కొడుకు ఒళ్లో పెట్టె ఇంకా సగం తెరిచే ఉంది.

"అంతమందిలో మన పెట్టే ఎందుకు తెరిపించారు నాన్నా?"

"నా డైపర్లు ఒక్కోటీ చొక్కాలో చుట్టి పెట్టావు కదరా. ఆ స్కానింగ్ మిషన్‌లో దొంగసరుకులా కనబడి ఉంటాయి."

"ఎవరైనా చూస్తే నీకు నామోషీ అని..."

"నాకా?"

"సరే, నాకే."

"ఎవరివని ఆ ఆఫీసరమ్మ అడిగితే, 'నావి కావు, ఆయనవి' అని లైను చివరిదాకా వినబడేట్టు అరిచావు. వేలు కూడా చూపించావు."

"కంగారులో అనేశాను నాన్నా. వెనకవాళ్లు నవ్వుతుంటే నీ మొహం చూడలేకపోయాను."

"ఆవిడ మంచిదిరా. వాళ్లకి కనబడకుండా అడ్డం నిలబడి, తనే అన్నీ మడతపెట్టి సర్దింది."

"అలా అడ్డం నిలబడాల్సింది నేను."

"పోనీలే. బాత్రూం ఎటో కనుక్కో. ఒకటి తియ్యి."

"కవర్లో చుట్టి ఇవ్వనా?"

"వద్దురా బాబూ. చుట్టబట్టే కదా ఇంతదాకా వచ్చింది."

"అయితే ఇలాగే నా చేతిలో ఉండనీ. నువ్వు నా భుజం పట్టుకో."