గోడల్లో నలభై కుండలు

అధ్యక్షులవారికీ, వేదిక మీదున్న ఇంజనీరుగారికీ, ముందు వరసలో కూర్చున్న పాటల టీచరుగారికీ, రెండేళ్లు నాతోపాటు సున్నం దుమ్ము మింగిన పనివాళ్లకీ, ఆలస్యంగా వచ్చి చివరి వరసలో చోటు దొరికించుకున్న మా ఆవిడకీ నమస్కారం. నలభై నాలుగేళ్లు తాపీ పట్టిన చెయ్యి ఇది, మైకు పట్టడం ఇదే మొదటిసారి. మధ్యాహ్నం భోజనం దగ్గర నాకో సంగతి తెలిసింది, అది చెప్పడానికే మైకు పట్టుకున్నాను.

ఇందాక అధ్యక్షులవారు నన్ను ఆకాశానికెత్తేశారు. ఇరవై రెండేళ్లు తాళం పడి, పావురాలు కాపురం పెట్టిన ఈ పాత చర్చిని కళాకేంద్రంగా మార్చామనీ, బలిపీఠం ఉన్నచోట నాటకాల వేదిక వచ్చిందనీ, ఫాదరుగారు బట్టలు మార్చుకునే గదిలో రేపట్నుంచి పిల్లలు బొమ్మలు వేస్తారనీ, ఇంత పురాతనమైన గోడల్లో ఈ మేస్త్రీ ఒక్క కన్నం కూడా మిగల్చలేదనీ అన్నారు. ఆ చివరి మాటకే మీరు ఎక్కువ చప్పట్లు కొట్టారు. నేను తల దించుకున్నది వినయం వల్ల కాదు.

ఆ కన్నాల గురించే చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. పైన, దూలాల కిందుగా, చుట్టూ గోడల్లో పిడికిలి దూరేంత కన్నాలు నలభై ఉండేవి. పాత కట్టడాల్లో పరంజా వాసాలు దూర్చుకుని, పనయ్యాక అలాగే వదిలేసిన కన్నాలు నేను చాలా చూశాను, ఇవీ అవేననుకున్నాను. మొదటిదాన్ని తొలిస్తే లోపల అడ్డంగా పడుకోబెట్టిన మట్టికుండ దొరికింది. ఆనాటి మేస్త్రీలు సున్నం కలపడానికి బద్ధకించి కుండలు కుక్కి పోయారండీ అని నేనంటే ఇంజనీరుగారు కూడా నవ్వారు. (ఇంజనీరుగారూ, ఇప్పుడు అటు తిరక్కండి.) ఆ ఒక్క కుండనీ ఊడదీసి ఇంటికి పట్టుకెళ్లి, తక్కిన వాటి మూతుల్లో ఇటుక ముక్కలు దట్టించి, సున్నంతో పూడ్చి, పైన నున్నగా పూత వేశాను. ఎంత నున్నగా అంటే, ఇప్పుడు నేనే వెతుక్కోవాలి.

ఈ సభ కోసం మా అక్కా బావా పొద్దున దిగారు. మా బావ కుండలు చేస్తాడు. అదిగో, స్తంభం పక్కన నిలబడ్డాడు, కుర్చీ ఇచ్చినా కూర్చోడు. భోజనం చేస్తూ చేస్తూ వంటింటి గట్టు మీదున్న కుండని చూశాడు. దాని అడుగు గుండ్రం, నిలబడదు, మా ఆవిడ పాతగుడ్డ చుట్టి కుదురు వేసి గరిటెలు పెట్టుకుంటోంది. బావ సగంలో లేచిపోయి గరిటెలు బయట పడేసి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"ఇదెక్కడిదిరా?" అన్నాడు.

"చర్చి గోడలోది బావా."

"నిలబడని కుండ ఎవడూ ఊరికే చెయ్యడు. ఇది నీళ్లకి కాదు, గింజలకీ కాదు. మెడ ఇంత సన్నంగా లాగాడంటే మాట కోసం చేశాడు. దీన్లోకి ఏదన్నా అను, చూద్దాం."

అన్నాను. కుండ గుమ్మని పలికింది. పాటలు పాడే పెద్ద గదుల గోడల్లో ఇలాంటివి పెట్టేవాళ్లనీ, పాడేవాళ్ల గొంతు పట్టుకుని చివరిదాకా అందిస్తాయని నమ్మేవాళ్లనీ, వాళ్ల తాత చెబుతుండగా విన్నానని బావ అన్నాడు. "తక్కినవేం చేశావు?" అని అడిగాడు. మూసేశానన్నాను. ఎన్ని అన్నాడు. అన్నీ అన్నాను. మా బావ నన్ను తిట్టలేదండీ, ఆ కుండని మెల్లిగా కుదురు మీద పెట్టి చేతులు కడుక్కున్నాడు. తిట్టినా బాగుండేది.

అప్పుడు గుర్తొచ్చింది. పని మొదలుపెట్టిన మొదటి వారం, ఇదిగో ఇక్కడే, సుత్తి జారి నా బొటనవేలి మీద పడింది. నోట్లోనే ఒక బూతుమాట గొణుక్కున్నాను, పైకి గట్టిగా కూడా అనలేదు. అంత దూరంలో గుమ్మం దగ్గరున్న ఇంజనీరుగారు చెవులు మూసుకున్నారు. (నవ్వులు) చూశారా, గోడ ఆ రోజే నాకు చెప్పింది. నేను సిగ్గుపడి ఊరుకున్నానే గానీ, ఇంత దూరం ఎలా వినబడిందని ఒక్కసారైనా ఆలోచించలేదు. పైగా ఆ కుండలు పెట్టినవాళ్లని బద్ధకస్తులన్నాను.

టీచరుగారి గురించి మీకు వేరే చెప్పక్కర్లేదు. దీన్ని పడగొట్టి దుకాణాలు కడతామన్నప్పుడు కాగితాలు పట్టుకుని తొమ్మిదేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగింది ఆవిడే. ఎందుకమ్మా ఇంత పంతం అని నేనే అడిగాను ఒకసారి. చిన్నప్పుడు ఇక్కడ పాడేదాన్ని, మైకూ గీకూ లేకుండా చివరి బల్లదాకా వినబడేది, పోయేలోగా ఇంకొక్కసారి అలా పాడాలి అన్నారు. మీ చేతుల్లో ఉన్న కార్యక్రమం కాగితంలో మొదటి పేరు ఆవిడదే. పొద్దున అందరికంటే ముందొచ్చి, ఇక్కడ నిలబడి పాడి చూసుకున్నారు. నేను మూడో వరసలో కుర్చీలు సర్దుతున్నాను, నాకే సరిగ్గా వినబడలేదు. సగంలో ఆపేసి, మెట్లు దిగొచ్చి, "నా గొంతు పోయింది మేస్త్రీ. ఇన్నాళ్లూ నాకే తెలియలేదు. నా పేరు కొట్టేయమను," అన్నారు.

నేనేమన్నానో తెలుసా. వయసు మీద పడింది కదమ్మా, బాధపడకండి అన్నాను. ఓదార్చానండీ నేను.

మైకు చూస్తున్న తమ్ముడూ, ఒక్క నిమిషం దాన్ని ఆపెయ్. స్పీకర్ల మెయిన్ స్విచ్ కూడా.

(మైకు ఆగింది)

ఇప్పుడు నా మాట వినబడుతున్నవాళ్లు చెయ్యెత్తండి.

సరే, పెట్టెయ్ తమ్ముడూ. చూశారుగా, నాలుగో వరస దాటి ఒక్క చెయ్యి లేవలేదు. పెళ్లయిన దగ్గర్నుంచీ నేను గొణిగిందాన్ని కూడా పట్టుకునే మా ఆవిడ చెయ్యి కూడా లేవలేదు. (నవ్వులు) నవ్వండి, తప్పులేదు, నాకే నవ్వు రావడం లేదు.

టీచరుగారూ, మీ గొంతు పోలేదు. నాకున్న పనితనమంతా పెట్టి నేనే దాన్ని గోడల్లో పూడ్చేశాను. పొద్దున్నుంచీ మీరలా కూర్చుని ఉంటే అందరూ అలసట అనుకుంటున్నారు, నాకు తెలుసు అదేమిటో. మీ ముఖం చూడలేక ఇంతసేపూ అధ్యక్షులవారి వైపు చూసి మాట్లాడుతున్నాను.

అధ్యక్షులవారూ, ఆ సన్మానపత్రం బల్ల మీదే ఉండనివ్వండి, అందులో రాసిన పని నేను చెయ్యలేదు. రేపు పొద్దున నిచ్చెన వేస్తాను, కూలి అడగను. తెరిచేటప్పుడు కొన్ని పగలొచ్చు, వాటికి బదులు చేసిస్తానని బావ మాటిచ్చాడు. మా ఇంట్లోది కడిగి తెస్తాను.

ఆగండాగండి, టీచరుగారేదో అంటున్నారు. వెనకవాళ్లకి వినబడలేదు కదూ, నేను చెబుతాను, గోడలు చెయ్యాల్సిన పని నేను చెయ్యాల్సొస్తోంది. రోజుకెన్ని తెరుస్తావు అని అడుగుతున్నారు. జాగ్రత్తగా అయితే రెండమ్మా.

"నాకు ఎనభై ఒకటి, మూడు తెరువు" అంటున్నారు. (నవ్వులు, చప్పట్లు)

తెరుస్తానమ్మా. అయ్యా, ఆవిడ పేరు కొట్టేయకండి, పక్కన తేదీ మార్చండి.

నా తప్పు ఇంత ఓపిగ్గా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. చివర సెలవు అడగడం మర్చిపోవద్దని మా ఆవిడ చెప్పి పంపింది. మర్చిపోలేదు, ఇవాళ అడగలేను. టీచరుగారు ఇక్కడ నిలబడి పాడి, ఆ చివరి బల్లలో కూర్చున్నవాళ్లు విన్నామని చెప్పిన రోజున వచ్చి అడుగుతాను. అప్పుడు ఇప్పించండి సెలవు.